అరవయ్యో పుట్టినరోజు పిస్తోలు

సోమవారం పొద్దున ఏడున్నరకి, బ్ర్నో నగరంలో రైల్వే స్టేషన్ ఎదురుగా, రిటైరైన ఒక ఇంజనీరు ట్రామ్ కింద పడి చనిపోయాడు. కాలు జారిందని పేపరు రాసింది. ఎవరో తోశారని గూఢచారి శాఖలోని మా ఏడో విభాగానికి తెలుసు. ఎందుకంటే అతను ఇంట్లోంచి పట్టుకు బయల్దేరిన తోలు సంచి ట్రామ్ కిందా లేదు, చుట్టుపక్కలా లేదు.

పదకొండింటికి కల్నల్ యర్మిలా తెస్కోవా తన గది తలుపుకి లోపలి నుంచి గడియ పెట్టింది. ఎదుటి కుర్చీలో కెప్టెన్ ఒతకర్ మలీనా కూర్చున్నాడు. నలభై రెండేళ్ల మనిషి. వేషం ఏది వేసినా అదే తన అసలు ఉద్యోగమన్నట్టు ఉంటాడు. ఆ రోజు గ్యాస్ మీటర్లు చూసేవాడి నీలం చొక్కాలో ఉన్నాడు.

"సంచిలో సగం డ్రాయింగులున్నాయి," అంది కల్నల్. "మిగతా సగం ఇంజనీర్ విల్మా బార్తోవా దగ్గరున్నాయి. డెబ్బై ఒక్కేళ్లు. ఇద్దరూ కలిసి చేసిన యంత్రం. అదేమో తను ఏ తరంగమూ పంపదు. ఊరికే చెవి పెట్టుకుని వింటుంది, ఆకాశంలో ఏ విమానం ఎక్కడుందో చెప్పేస్తుంది."

"ఆ రెండో సగం మనమే తీసుకుంటే సరిపోయేదిగా?"

"అడిగాను. శుక్రవారం మంత్రిత్వ శాఖ మనిషి వచ్చి రసీదు మీద గుండ్రటి ముద్ర వేస్తేగాని ఇవ్వదట. నలభై ఏళ్లు సర్కారు ఉద్యోగం చేసిన ప్రాణం. అప్పటిదాకా ఆవిణ్ణి బతికించడం నీ పని. వేరే ఇంట్లో దాచాం. చిరునామా నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. మన విభాగంలో కూడా తెలియకూడదు. ఇలోనాకి అసలే వద్దు."

ఇలోనా అంటే, ఆ డ్రాయింగుల వెంట పడ్డ విదేశీ ముఠావాళ్ల దుబాసీ. నక్క తోలు కాలరు, ఎర్ర గ్లవుజులు, ఐదు భాషలు. ముఠా కబుర్లు మాకు చేరవేస్తుంది, మా కబుర్లు ముఠాకి చేరవేస్తుంది. మాకు చెప్పేవే నిజాలని మేం నమ్ముతున్నాం. వాళ్లకి చెప్పేవే నిజాలని వాళ్లూ నమ్ముతున్నారు.

"తలుపు దగ్గర సంకేతం?"

"ఈ వారానిదే. విభాగంలో అందరికీ ఇచ్చినదే. 'ఈ ఏడు పుట్టగొడుగులు ఎలా ఉన్నాయి?' 'పురుగు పట్టినవే ఎక్కువ.'" కల్నల్ సొరుగులోంచి ఒక కాగితం తీసి అతని ముందుకి తోసింది. "ఇంకోటి. శుక్రవారంలోగా ఈ ఫారం నింపు. పిస్తోలు సీజెడ్ 75 కావాలా, గ్లాక్ 17 కావాలా? అందరూ ఇచ్చేశారు. నువ్వొక్కడివే మిగిలావు."

"తేల్చుకోలేకపోతున్నానండి."

"నీకు పెళ్లి కూడా అందుకే కాలేదు. వెళ్లు."

ఆ శరదృతువులో ఏడో విభాగం రెండుగా చీలిపోయి ఉంది. సీజెడ్ మన చెక్ దేశపు ఉక్కు, బరువుగా చేతిలో కుదురుగా కూర్చుంటుంది, పక్కన బుజ్జి మీట ఉంటుంది, అది దించేదాకా పేలదు. గ్లాక్ పొరుగు ఆస్ట్రియావాళ్లది, ప్లాస్టిక్ ఒళ్లు, మీటా గీటా లేదు, తీయడం నొక్కడం అంతే. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉక్కు పార్టీ ఒక బల్ల మీద, ప్లాస్టిక్ పార్టీ ఒక బల్ల మీద కూర్చునేవాళ్లు. రెండేళ్లుగా పలకరించుకోని ఇద్దరు గుమాస్తాలు ఉక్కు కోసం ఒకటయ్యారు. తుపాకీ ముట్టని వంటావిడ కూడా ఉక్కు పార్టీయే.

ఆ పార్టీ పెద్దమనిషి నేలమాళిగలోని ఆయుధాల గదిలో ఉండేవాడు. లుబోష్ స్త్రాకా. గురువారంతో అరవై నిండుతాయి. మా దగ్గరికి రాకముందు ఇరవై రెండేళ్లు సీజెడ్ పిస్తోళ్ల మీద ముందుకీ వెనక్కీ జారే స్లయిడు కుదిర్చే పని చేశాడు. ఆ రోజుల్లో అవన్నీ ఎగుమతికే పోయేవి. చేసినవాడికి ఒకటి కొనుక్కునే వీలు లేదు. ఆ మాట నవ్వుతూ చెప్పేవాడు, ప్రతి పండగకీ చెప్పేవాడు.

ఒతకర్‌కి విభాగంలో ఉన్న ఒకే ఒక స్నేహితుడు అతనే. గ్లాసులు తగిలించుకుని 'మీరు' మానేసి 'నువ్వు' అనుకోవడం మొదలై నాలుగేళ్లయింది. ఒతకర్ తల్లి పోయినప్పుడు శవపేటికకి ఒక పక్క భుజం పట్టింది లుబోషే.

సోమవారం మధ్యాహ్నం, ఒతకర్ ఆ ఇల్లు ఒకసారి చూసి వచ్చాక, లుబోష్ ఆకుపచ్చ గుడ్డ పరిచి, రెండు పిస్తోళ్లూ పక్కపక్కన పెట్టాడు.

"ఏది మంచిదని అడగకు," అన్నాడు. "అది తాగుబోతులు మాట్లాడుకునే మాట. ఎక్కడ వాడతావో చెప్పు, ఏది తీసుకోవాలో నేను చెప్తా."

"ఇంట్లో."

"ఎలాంటి ఇల్లు? చెక్క గోడలైతే గుండు అటు పక్కకి పోతుంది."

"కాంక్రీటు పలకల ఇల్లు. మామూలు ఫ్లాటు."

"ఎన్నో అంతస్తు? నవ్వకు. మెట్లెక్కి ఆయాసపడేవాడి చెయ్యి వణుకుతుంది. బరువు తుపాకీ అయితే ఇంకా వణుకుతుంది."

"నాలుగు. లిఫ్టు పాడైంది."

"లోపల కోటు విప్పాలా? విప్పితే తుపాకీ ఎక్కడ దాస్తావ్?"

"కోటేం ఖర్మ, బూట్లు కూడా విప్పిస్తుంది మహాతల్లి. అతిథులకని బయట పాత చెప్పులు వరసగా పెట్టింది."

"ఆడమనిషా. ముసలావిడా? అయితే పెద్ద చప్పుడు చేయలేవు." లుబోష్ తల పంకించాడు. "కిటికీలోంచి ఏం కనిపిస్తుంది? గురి తప్పితే గుండు ఎవరికి తగులుతుందో నాకు తెలియాలి."

"ఎవరికీ తగలదు. ఎదురుగా రాతి క్వారీ."

"ట్రామ్‌లో వెళ్తావా? జనంలో నడుముకి గుచ్చుకుంటుంది మరి."

"చివరి స్టాపుకి వచ్చేసరికి ట్రామ్‌లో ఎవరుంటారు లుబోష్? నేనూ డ్రైవరూ అంతే."

ఒక మంచి దర్జీ కొలతలు తీసుకున్నట్టు ఒక్కొక్కటే అడిగాడు. ఒతకర్ ఒక్కొక్కటే చెప్పాడు. చిరునామా మాత్రం చెప్పలేదు. చెప్పకూడదుగా.

లుబోష్ గ్లాక్‌ని అతని వైపు జరిపాడు. "ఇది తీసుకో."

ఒతకర్ ఆశ్చర్యపోయాడు. "నువ్వేనా ఈ మాట అనేది? ప్లాస్టిక్ బొమ్మ అని తిట్టేవాడివి."

"తిడతా. కానీ నీ పనికి ఇదే. తేలిక. మీట మర్చిపోయానన్న గొడవ లేదు. ఇంకోటి ముట్టుకోకు ఒతా, నా మాట విను." సీజెడ్‌ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేశాడు. "యాభై గుళ్లు కాల్చి చూడు. తర్వాత నాకిచ్చెయ్, శుభ్రం చేసి రేప్పొద్దున ఇస్తా."

యాభై గుళ్లూ యాభై సార్లు పేలాయి. మంగళవారం పొద్దున పిస్తోలు నూనె వాసనతో తళతళలాడుతూ చేతికొచ్చింది. కొత్త గుళ్ల పెట్టె సీలు మాత్రం ఒతకర్ స్వయంగా చింపాడు. అది రిజిస్టరు పద్ధతి, ఎవరి గుళ్ల సీలు వాళ్లే చింపాలి.

మూడు రోజులు గ్యాస్‌వాడి వేషంలో విల్మా బార్తోవా ఇంట్లో గడిపాడు. గుమ్మం బయట బూట్లు విప్పడం, తనకి రెండు సైజులు చిన్నదైన గళ్ల చెప్పులు తొడుక్కోవడం, ఆవిడ చేసిన బాబోవ్కా కేకు తినడం. డ్రాయింగులు రేకు గొట్టంలో, ఆ గొట్టం ఆవిడ మంచం కింద ఉండేవి.

"మీటరు చూసేవాడు మూడు రోజులుగా చూస్తున్నాడేం అని కింది ఫ్లాటావిడ అడిగింది," అంది ఆవిడ.

"ఏం చెప్పారు?"

"మందబుద్ధివాడని చెప్పాను. పాపం అంది."

గురువారం పన్నెండున్నరకి కబురొచ్చింది. ఇలోనా రెండింటికి కఫేలో కలవాలంటోంది. కల్నల్ ఫోన్‌లో వెళ్లమంది. "తలుపు ఉక్కుది, సంకేతం లేందే ఆవిడ తీయదు. గంటన్నరలో తిరిగి వచ్చెయ్. ఇలోనా మాటలు చెవితో విను, మనసుతో వినకు."

దారిలో ఒతకర్ ఒక దుకాణం దగ్గర ఆగాడు. వారం క్రితం చెప్పి ఉంచిన వస్తువు తీసుకుని, పనిముట్ల సంచిలో అడుగున పెట్టుకున్నాడు. సాయంత్రం ఐదింటికి నేలమాళిగలో లుబోష్‌కి విందు. ఆ సంచిలో ఉన్నది సరికొత్త సీజెడ్ 75. ఇరవై రెండేళ్లు చేసినవాడికి ఒక్కటీ దక్కలేదన్న మాట ఒతకర్ మనసులో నాలుగేళ్లుగా మెదులుతూనే ఉంది. లుబోష్ దాన్ని చూసినప్పుడు మొహం ఎలా పెడతాడో ఊహించుకుంటూ ట్రామ్‌లో ఒక్కడే నవ్వుకున్నాడు.

ఇలోనా కఫేలో వెనక మూల కూర్చుని ఉంది. గ్లవుజులు విప్పలేదు.

"మూడింటికి," అంది కాఫీ చెప్పకముందే. "ముసలావిడ ఇల్లు వాళ్లకి తెలిసిపోయింది. మీ ఆఫీసు మనిషే ఒకడు లోపలికి వెళ్తాడు. అన్నీ సరిగ్గా ఉంటే బాల్కనీలో బొంత ఆరేస్తాడు. అది చూసి కింద కారులో ఉన్న ఇద్దరు పైకి వెళ్తారు. కాగితాలు తెస్తారు. ఆవిడ బతికుండదు."

"ఎవరా మనిషి?"

"పేరు నాకు చెప్పరు. మీ ఇంటి మనిషి అని మాత్రం విన్నాను."

ఒతకర్‌కి నవ్వొచ్చింది. "ఆ ఇల్లు తెలిసింది ఇద్దరికి. నేనూ, కల్నలూ. నన్ను అక్కణ్ణుంచి లాగి ఇక్కడ కూర్చోబెట్టింది నువ్వు. అబద్ధం చెప్పడం నీ వృత్తి ఇలోనా. నిన్ను ఎలా నమ్మమంటావ్?"

"నమ్మకు," అంది ఆమె. "కానీ టాక్సీ ఎక్కు. నమ్మకుండా కూడా టాక్సీ ఎక్కచ్చు."

గోడ గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది. ఒతకర్ ఫోన్ బూత్‌లోంచి కల్నల్‌కి రెండు ముక్కల్లో చెప్పాడు. మనుషుల్ని పంపడానికి అరగంట పైన పడుతుందని ఆవిడ అంది. అతను టాక్సీ ఎక్కాడు.

ట్రామ్ చివరి స్టాపు దాటాక, క్వారీకి ఎదురుగా, బ్లాకు ముందు బూడిద రంగు కారు ఆగి ఉంది. లోపల ఇద్దరు తలలెత్తి బాల్కనీల వైపే చూస్తున్నారు. గ్యాస్‌వాణ్ణి ఎవరు పట్టించుకుంటారు? ఒతకర్ సంచి ఊపుకుంటూ వాళ్ల పక్క నుంచే లోపలికి నడిచాడు. మొదటి మలుపు దాటాక మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు.

నాలుగో అంతస్తులో, విల్మా బార్తోవా గుమ్మం బయట, చాప మీద ఒక జత మగవాళ్ల బూట్లు బుద్ధిగా పక్కపక్కన పెట్టి ఉన్నాయి.

మన దేశంలో హంతకుడైనా అంతే. ముసలావిడ బూట్లు అంటే విప్పాల్సిందే. పరాయి ఇంటి తివాచీ మీద బూట్లతో నడవడం చంపడం కంటే కష్టం మనకి.

ఒతకర్ వంగి చూశాడు. ఎడమ మడమ బయటి వైపు అరిగింది. అరిగినచోట పాత పిస్తోలు ఒర తోలు ముక్క కత్తిరించి, మేకులు కొట్టి ఉంది. కుడి బూటుకి లేసు లేదు, దాని బదులు తుపాకీ గొట్టం శుభ్రం చేసే తాడు కట్టి ఉంది. ఆ తాడు పోయిన చలికాలం లుబోష్ తన కళ్లముందే కట్టుకున్నాడు. "కొత్త లేసులు కొనరాదా" అంటే "ఇది చచ్చేదాకా తెగదు" అన్నాడు.

ఒతకర్ మెట్టు మీద కూర్చున్నాడు. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు, ముసలావిడ, క్వారీ, చివరి స్టాపు. బ్ర్నోలో అన్నీ కలిసిన ఇల్లు ఒక్కటే ఉంటుంది. చిరునామా తను చెప్పనే లేదు. మిగతాదంతా తనే చెప్పాడు. అతను అడిగింది తుపాకీ కోసం అనుకున్నాడు.

లేదేమో. కల్నలే పంపిందేమో. పనిమీదే వచ్చాడేమో.

నడుము దగ్గర గ్లాక్ ఉంది. లుబోష్ ఎంచి ఇచ్చింది, లుబోష్ విప్పి తుడిచింది. సంచిలో సీజెడ్ ఉంది. లుబోష్ కోసం కొన్నది, అతని చెయ్యి ఇంకా పడనిది. వారమంతా తేల్చుకోలేని సంగతి ఇప్పుడు నిమిషంలో తేలాలి. స్నేహితుడు మంచివాడైతే నడుము దగ్గరున్నది చాలు. సంచి విప్పాడంటే ఆ మనిషి మీద నమ్మకం పోయినట్టే. శవపేటిక మోసిన భుజం గుర్తొచ్చింది.

సంచి విప్పాడు.

రంగు కాగితం చప్పుడు కాకుండా చింపాడు. కొత్త పిస్తోలు నిండా ఫ్యాక్టరీ గ్రీజు. రుమాలుతో తుడిచాడు. గ్లాక్ మ్యాగజైన్ బయటికి లాగి, అందులోని గుళ్లు బొటనవేలితో ఒక్కొక్కటే తీసి సీజెడ్ మ్యాగజైన్‌లోకి తోశాడు. అదే తొమ్మిది మిల్లీమీటర్ల గుండు, రెండింటికీ సరిపోతుంది. ఒకటి. రెండు. మూడు. వేళ్లు జారుతున్నాయి. నాలుగోది తోస్తుండగా లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. ఇక చాలనుకుని స్లయిడు లాగి, మీట పైకెత్తాడు. గ్లాక్‌లో గొట్టంలో ఉన్న ఒక్క గుండూ అలాగే వదిలేశాడు. దానితో అతనికి పనుంది.

తన బూట్లు విప్పి ఆ బూట్ల పక్కనే పెట్టాడు. మేజోళ్ల కాళ్లకి చప్పుడుండదు. తాళంచెవితో తలుపు తీశాడు.

వంటగదిలో విల్మా బార్తోవా బల్ల దగ్గర కేకు కోస్తోంది. రేకు గొట్టం గోడకి ఆనించి ఉంది. లుబోష్ గళ్ల చెప్పుల్లో, రెండు చేతుల నిండా ఎర్ర బొంత పట్టుకుని, బాల్కనీ తలుపు వైపు నడుస్తున్నాడు.

"వచ్చావా," అంది ఆవిడ ఒతకర్‌ని చూసి. "ఈయన్ని చూసి నేర్చుకో. బొంత దులిపి ఆరేస్తానన్నాడు. మగవాళ్లలో ఇలాంటివాళ్లు కూడా ఉంటారా?"

"అది కింద పెట్టు లుబోష్," అన్నాడు ఒతకర్. ఎడం చేతిలో గ్లాక్ ఎత్తి పట్టుకున్నాడు. కుడి చెయ్యి వెనక్కి ఉంది.

లుబోష్ తిరిగి చూశాడు. ముందు పిస్తోలు చూశాడు, తర్వాత మొహం చూశాడు. భయపడలేదు. ఒతకర్ చూడాలనుకున్నది అదే. గురిపెట్టిన తుపాకీ ముందు అలా ప్రశాంతంగా నిలబడగలిగేది దాన్ని పాడుచేసినవాడొక్కడే.

"త్వరగా వచ్చావు ఒతా. ఐదింటికి కలుద్దాం అనుకున్నా."

"కింద పెట్టు. కాలుస్తా."

"కాల్చు," అన్నాడు లుబోష్, చాలా మెల్లగా.

ఒతకర్ అతని కాళ్ల పక్కన నేలకి గురిపెట్టి నొక్కాడు. టక్. అంతే. విల్మా బార్తోవా కత్తి పక్కన పెట్టేసింది.

"గుండుని కొట్టి పేల్చే సూది అర మిల్లీమీటరు అరగదీశాను," అన్నాడు లుబోష్. రోజూ ఆయుధాల గదిలో చెప్పే గొంతుతోనే చెప్పాడు. "కూర్చో ఒతా. వాళ్లొచ్చి గొట్టం తీసుకుపోతారు. నీ జోలికి రావద్దని చెప్పాను. ఒట్టు."

"ఆవిడ జోలికి?"

లుబోష్ బొంతని ఒక చంకలోకి మార్చుకున్నాడు. బాల్కనీ తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. అప్పుడు అతని కళ్లు మళ్లీ గ్లాక్ మీదికి వచ్చి, అక్కడే ఆగిపోయాయి.

"ఎడం చేత్తో పట్టుకున్నావేం?"

ఒతకర్ వెనకున్న చెయ్యి ముందుకి తెచ్చి, బొటనవేలితో మీట దించాడు. చిన్న చప్పుడు. ఇరవై రెండేళ్లు రోజంతా విన్న చప్పుడు. లుబోష్ మొహంలో రంగు పోయింది.

"ఎక్కడిదిరా అది?"

"నీదే. నీ పుట్టినరోజుకి కొన్నాను."

లుబోష్ ఆ సీజెడ్ వైపే చూశాడు. ఆ ఒక్క క్షణం అతను బొంత వదిలేస్తాడనే ఒతకర్ అనుకున్నాడు. వదిలేయాలని మనసులో మొక్కుకున్నాడు కూడా. లుబోష్ తల విదిలించుకుని, తలుపు తోసి, బొంతని బాల్కనీలోకి ఎత్తాడు.

ఒతకర్ కాల్చాడు.

గుండు బొంతలోంచి దూసుకెళ్లి లుబోష్ భుజానికి తగిలింది. బొంత కడ్డీల దాకా వెళ్లకుండానే గడపలో కూలబడింది. వంటగది నిండా బొంతలో దట్టించిన బాతు ఈకలు ఎగిరి, కేకు మీదా గ్యాస్ పొయ్యి మీదా నింపాదిగా రాలాయి.

"మా అమ్మ కుట్టిన బొంత," అంది విల్మా బార్తోవా.

చప్పుడు కింద కారులోకి వినిపించింది. నిమిషంలో మెట్ల మీద పరుగు. ఒతకర్ తెరిచి వచ్చిన తలుపులోంచి బూడిద కోటువాడొకడు పిస్తోలుతో లోపలికి దూకాడు, బురద బూట్లతో, నేరుగా తివాచీ మీదికి.

"బూట్లు," అని గద్దించింది ఆవిడ, కత్తితో అతని కాళ్లు చూపిస్తూ.

వాడికి మన భాష రాదు. కానీ ఎవరైనా కాళ్లు చూపిస్తే ఏ దేశంవాడైనా కిందికి చూస్తాడు. ఆ చూపు చాలింది. ఒతకర్ పనికిరాని గ్లాక్‌తో వాడి నెత్తిన ఒక్కటి వేశాడు. కొట్టడానికి ప్లాస్టిక్ కూడా బాగానే పనికొచ్చింది. రెండోవాణ్ణి అప్పుడే వచ్చిన కల్నల్ మనుషులు కింద గుమ్మంలోనే పట్టుకున్నారు. సోమవారం పోయిన తోలు సంచి కారు వెనకసీటు కింద దొరికింది.

అంబులెన్సు వచ్చేలోగా ఒతకర్ టవలు మడిచి లుబోష్ భుజం మీద అదిమి పట్టుకున్నాడు. ఇద్దరి మొహాలూ జానెడు దూరంలో ఉన్నాయి.

"ఎందుకు చేశావ్?"

"ఇరవై రెండేళ్లు చేశాను. ఎక్కడెక్కడివాళ్లో దాన్ని చూసి అలాంటివే చేసుకుని బాగుపడ్డారు. నాకు మిగిలింది చెవుల్లో హోరు. ఈసారైనా నా వంతు తీసుకుందామనుకున్నా."

"మరి సీజెడ్ ముట్టుకోవద్దని నాకెందుకు చెప్పావ్? నేనది తీసుకున్నా సూది అరగదీసేవాడివేగా."

లుబోష్ కళ్లు మూసుకున్నాడు. "దాన్ని పాడుచేయడానికి చెయ్యి రాలేదురా. ఆకురాయి పట్టుకుని కూర్చున్నా, నావల్ల కాలేదు. అందుకే నీకు ఆ రెండోది అంటగట్టాను."

"నా మీదికి మాత్రం చెయ్యి వచ్చింది," అన్నాడు ఒతకర్.

లుబోష్ గోడ వైపు తల తిప్పుకున్నాడు. ఒతకర్ టవలు అదిమి పట్టుకునే ఉన్నాడు. అరిచి ఏడిస్తే బాగుండునని అతనికి అనిపించింది. చేతిలో ఈకలూ రక్తమూ అంటుకున్నాయి, కడుక్కోవడానికి కూడా లేవలేదు.

శుక్రవారం పదింటికి మంత్రిత్వ శాఖ మనిషి వచ్చాడు. గుమ్మంలో బూట్లు విప్పాడు, గుండ్రటి ముద్ర వేశాడు, గొట్టం తీసుకుపోయాడు. ముద్ర కొంచెం అలికిందని విల్మా బార్తోవా ఇంకోసారి వేయించుకుంది.

పదకొండింటికి ఇలోనా ఫోన్ చేసింది. "ఇప్పుడైనా నమ్ముతావా నన్ను?"

"సగం," అన్నాడు ఒతకర్.

"అబద్ధాలాడేదాన్ని సగమైనా నమ్మావు. నిజాలాడేవాణ్ణి పూర్తిగా నమ్మావు. కాస్త అటూ ఇటూ చేసి చూడు," అని పెట్టేసింది.

మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్లాడు. గది బయట పోలీసు కాపలా ఉంది. ఒతకర్ కాగితంలో చుట్టి తెచ్చిన బూట్లు మంచం కింద పెట్టాడు, తాడు కట్టిన కుడిదీ, తోలు ముక్క కొట్టిన ఎడమదీ.

లుబోష్ వాటిని ఒకసారి చూసి పైకప్పు వైపు తిరిగాడు. చివరికి ఉండబట్టలేక అడిగాడు. "ఆ సీజెడ్ ఎలా పేలుతోంది?"

"కొంచెం ఎడమకి పోతోంది. నేను చేతికి గురిపెట్టాను."

"అది తుపాకీ తప్పు కాదు. వేలి కొసతో నొక్కుతావు నువ్వు. నాలుగేళ్లుగా చెప్తున్నా." లుబోష్ పెదవి తడుపుకున్నాడు. "ఒక్కసారి చూపించవా?"

"చూపించను," అని ఒతకర్ లేచి వచ్చేశాడు.

మెట్లు దిగాక అక్కడి బల్ల మీదే ఫారం తీసి పరిచాడు. ఎంచుకున్న ఆయుధం అన్నచోట సీజెడ్ 75 అని రాశాడు. దాని కింద, ఎంచుకోవడానికి కారణం అని ఒక గడి ఉంది. మిగతావాళ్లందరూ అందులో బరువు, గురి, మన్నిక అని రాశారు. ఒతకర్ ఒకే వాక్యం రాసి సంతకం పెట్టాడు.

'ఆయుధ నిపుణుడు వద్దన్నాడు.'